పేరు వెనుక మనిషి

అమలాపురంలో యానాం బస్సు ఎక్కితే ముమ్మిడివరం వస్తుంది. అది దాటితే మురమళ్ళ. ఆ తరువాత ఎదుర్లంక. అక్కడ గౌతమి మీద పెద్ద వంతెన ఉంది. దాని పేరు బాలయోగి వారధి.

చదువు రాని రోజుల్లో బస్సు బోర్డు కూడా పక్కవాళ్ళని అడగాల్సి వచ్చేది. "అయ్యా, ఇది యానాం పోద్దా?" అని అడిగి ఎక్కేవాళ్ళు. ఇప్పుడు ఆ అవసరం లేదు. బోర్డు చదవొచ్చు. విగ్రహం కింద రాసిన పేరు చదవొచ్చు. పేపర్లో పేరు చదవొచ్చు.

పేరు చదవటం మొదటి మెట్టు. రెండో మెట్టు ఇంకొకటి ఉంది. ఈ మనిషి ఎవరు? ఎక్కడ పుట్టారు? ఏం చేశారు? ఎవరు పెంచారు? ఇలా అడగటమే రెండో మెట్టు.

ఈ పాఠంలో నలుగురి సంగతులు ఉన్నాయి. ఇద్దరు రాజకీయాల్లో పేరు పొందారు. ఒకరు సంగీతంలో పేరు పొందారు. ఇంకొకరు మనం కట్టుకునే చీరకు మేలు చేసి పేరు పొందారు. నలుగురూ తెలుగువాళ్ళే. మనలాంటి ఊళ్ళలో పుట్టినవాళ్ళే.

1. సభను నడిపిన బాలయోగి

బాలయోగి గారి పూర్తి పేరు గంటి మోహనచంద్ర బాలయోగి. ఆయన 1951 అక్టోబరు 1న ఎదుర్లంకలో పుట్టారు. వాళ్ళది దళిత కుటుంబం. సామాన్యమైన ఇల్లు. ఆయన ఎం.ఏ. చదివారు. లా కూడా చదివారు. 1980లో కాకినాడలో వకీలుగా పని మొదలుపెట్టారు. 1985లో మేజిస్ట్రేటు ఉద్యోగం వచ్చింది. అది పెద్ద ఉద్యోగం. అయినా కొద్దికాలానికే దాన్ని వదిలేసి ప్రజల పనిలోకి వచ్చారు.

1987లో ఆయన తూర్పుగోదావరి జిల్లా ప్రజాపరిషత్తు అధ్యక్షులయ్యారు. 1991లో అమలాపురం నుంచి లోక్‌సభకు గెలిచారు. 1996లో ఓడిపోయారు. ఓడిపోయానని ఇంట్లో కూర్చోలేదు. ముమ్మిడివరం నుంచి శాసనసభకు నిలబడి గెలిచారు. రాష్ట్రంలో ఉన్నత విద్యాశాఖ మంత్రిగా పని చేశారు. 1998లో మళ్ళీ అమలాపురం నుంచి లోక్‌సభకు వెళ్ళారు.

ఆ ఏడాది మార్చి 24న ఆయన లోక్‌సభ స్పీకర్ అయ్యారు. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి దళితుడు ఆయనే.

స్పీకర్ అంటే ఎవరు? ఊళ్ళో గ్రామసభ జరుగుతుంది. ఒకరు మాట్లాడుతుంటే నలుగురు అడ్డం వస్తారు. అందరూ ఒక్కసారే అరిస్తే ఎవరి మాటా వినపడదు. అప్పుడు ఒక పెద్దమనిషి ఉండాలి. "ముందు ఆమెను చెప్పనివ్వండి, తరువాత మీరు" అనాలి. లోక్‌సభలో 540 మందికి పైగా సభ్యులు ఉంటారు. వాళ్ళందరినీ వరసలో మాట్లాడించే మనిషి స్పీకర్. గొడవ జరిగితే ఆపేది ఆయనే. ఓట్ల లెక్క ప్రకటించేది ఆయనే. స్పీకర్ ఏ పక్షానికీ మొగ్గకూడదు. మామూలుగా ఆయన ఓటు వెయ్యరు. రెండు వైపులా ఓట్లు సమానంగా వస్తేనే వేస్తారు.

1999 ఏప్రిల్ 17న లోక్‌సభలో ఒక పెద్ద ఓటింగు జరిగింది. అప్పుడు ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజ్‌పేయి. ఆయన ప్రభుత్వం ఉండాలా, పోవాలా అన్నది తేలాలి. ఉండాలని 269 మంది ఓటు వేశారు. వద్దని 270 మంది వేశారు. తేడా ఒక్క ఓటు. ప్రభుత్వం పడిపోయింది. దేశమంతా ఊపిరి బిగపట్టి చూసిన ఆ రోజు స్పీకర్ కుర్చీలో ఉన్నది ఎదుర్లంక మనిషి.

"నా ఒక్క ఓటుతో ఏమవుద్దిలే" అని చాలామంది అంటారు. ఆ రోజు ఒక్క ఓటుతో ఏమయిందో దేశం చూసింది. అవి సభలో సభ్యులు వేసిన ఓట్లు. కాని ఆ సభ్యులను సభకు పంపింది ఊళ్ళలో మనం వేసిన ఓట్లే.

తరువాత మళ్ళీ ఎన్నికలు వచ్చాయి. బాలయోగి మళ్ళీ గెలిచారు. 1999 అక్టోబరులో రెండోసారి స్పీకర్ అయ్యారు. 2002 మార్చి 3న ఆయన భీమవరం నుంచి హెలికాప్టర్‌లో హైదరాబాద్ బయలుదేరారు. కైకలూరు దగ్గర హెలికాప్టర్ చేపల చెరువులో కూలిపోయింది. అప్పటికి ఆయనకు 50 ఏళ్ళే.

ఎదుర్లంకకూ యానానికీ మధ్య వంతెన లేని రోజులు పెద్దవాళ్ళకు గుర్తే. రేవులో పడవ కోసం, పంటు కోసం కాచుకోవాలి. కాన్పు కష్టమైన మనిషి ఉన్నా కాచుకోవాలి. లేదంటే చుట్టు తిరిగి పోవాలి. ఇప్పుడు బస్సు కొద్ది నిమిషాల్లో గౌతమి దాటుతుంది. ఆ వంతెన మీద వెళ్ళేటప్పుడు ఆయన పేరు తలుచుకోవచ్చు.

2. జైలుకు వెళ్ళిన సుబ్బమ్మ

వంతెన దాటి యానాం మీదుగా పైకి వెళితే ద్రాక్షారామం వస్తుంది. భీమేశ్వరస్వామి గుడి ఉన్న ఊరు అది. ఆ ఊళ్ళో 1880లో ఒక ఆడపిల్ల పుట్టింది. పేరు దువ్వూరి సుబ్బమ్మ.

ఆ రోజుల్లో ఆడపిల్లలకు పదేళ్ళు నిండేసరికే పెళ్ళి చేసేసేవారు. సుబ్బమ్మకూ అలాగే చేశారు. చిన్న వయసులోనే భర్త పోయాడు. భర్త పోయిన పిల్లకు ఆ రోజుల్లో బతుకు ఎలా ఉండేది? పసుపు కుంకుమలు ఉండవు. పెళ్ళికి పిలుపు ఉండదు. ఎదురు వస్తే అపశకునం అనేవారు. ఇంట్లో ఒక మూల, వంటింటి పొగలో జీవితం గడిచిపోయేది.

సుబ్బమ్మ ఆ మూలన ఉండిపోలేదు. తెలుగు చదువుకుంది. సంస్కృతం చదువుకుంది. పురాణాలు చదివింది. నలుగురికీ చెప్పటం నేర్చుకుంది. పురాణం చెప్పే నోటితోనే దేశం సంగతి చెప్పటం మొదలుపెట్టింది.

అప్పుడు మన దేశాన్ని తెల్లవాళ్ళు పాలిస్తున్నారు. గాంధీ గారు సహాయ నిరాకరణ ఉద్యమం మొదలుపెట్టారు. అంటే, తెల్లవాళ్ళ పాలనకు మనం సాయం చెయ్యకూడదు. వాళ్ళ గుడ్డ కొనకూడదు. మన ఊళ్ళో వడికిన నూలుతో నేసిన ఖద్దరు కట్టుకోవాలి. ఆ రోజుల్లో ఏ చీర కట్టామన్నది కూడా రాజకీయమే. ఖద్దరు ముతకగా ఉంటుంది. బరువుగా ఉంటుంది. అయినా ఎంతోమంది ఆడవాళ్ళు సన్నని సీమ గుడ్డ మానేసి ఖద్దరు కట్టారు. సుబ్బమ్మ ఊరూరా తిరిగి ఈ మాటలే చెప్పింది. మగవాళ్ళు నిండిన సభలో ఒక ఆడమనిషి లేచి మాట్లాడటం అప్పటికి చాలా కొత్త.

1922లో పోలీసులు ఆమెను పట్టుకున్నారు. ఏడాది జైలుశిక్ష వేశారు. స్వాతంత్ర్యం కోసం జైలుకు వెళ్ళిన మొదటి ఆంధ్ర మహిళగా ఆమెను చెప్పుకుంటారు. క్షమాపణ చెబితే వదిలేస్తామన్నారు. ఆమె చెప్పలేదు. శిక్ష అనుభవించే బయటికి వచ్చింది.

వచ్చాక ఏం చేసింది? రాజమండ్రిలో ఆడవాళ్ళ కోసం బడి పెట్టింది. తనకు చదువు ఏం ఇచ్చిందో ఆమెకు తెలుసు. చదువు రాకపోతే తాను ఆ మూలనే ఉండిపోయేదాన్నని తెలుసు.

1930లో ఉప్పు సత్యాగ్రహం వచ్చింది. మన సముద్రం నీటితో మనం ఉప్పు చేసుకోవటం నేరం అని తెల్లవాళ్ళ చట్టం. ఉప్పు మీద పన్ను. గంజిలో వేసుకునే ఉప్పు మీద కూడా పన్నే. దాన్ని కాదని జనం ఉప్పు వండారు. సుబ్బమ్మ మళ్ళీ జైలుకు వెళ్ళింది.

ఇక్కడ ఒక లెక్క చూడాలి. మొదటిసారి జైలుకు వెళ్ళేసరికి సుబ్బమ్మకు 40 ఏళ్ళు దాటాయి. రెండోసారికి 50 ఏళ్ళు వచ్చాయి. "ఈ వయసులో నాకెందుకు?" అని ఆమె అనలేదు. స్వాతంత్ర్యం వచ్చింది. దాన్ని ఆమె కళ్ళారా చూసింది. 1964లో కన్ను మూసింది. జనం ఆమెను దేశబాంధవి అని పిలిచారు. దేశానికి చుట్టం అని ఆ మాటకు అర్థం.

3. పాటకు పుట్టిన బాలమురళి

ఇప్పుడు గౌతమి ఒడ్డు నుంచి కోనసీమ రెండో కొసకు, రాజోలు వైపు వెళదాం. అక్కడ సముద్రానికి దగ్గరలో శంకరగుప్తం అనే ఊరు ఉంది. 1930 జూలై 6న ఆ ఊళ్ళో మంగళంపల్లి బాలమురళీకృష్ణ పుట్టారు.

తండ్రి పట్టాభిరామయ్య సంగీతం తెలిసిన మనిషి. తల్లి సూర్యకాంతమ్మ వీణ వాయించేది. బిడ్డ పుట్టిన కొద్దిరోజులకే ఆమె చనిపోయింది. తల్లి పాట వినే అదృష్టం ఆ బిడ్డకు లేదు. తండ్రి, ఇంట్లోని పెద్ద ఆడవాళ్ళు అతన్ని పెంచారు.

పసితనం నుంచి పిల్లవాడికి పాట మీదే ధ్యాస. తండ్రి అది గమనించాడు. విజయవాడలో పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారనే గొప్ప గురువు ఉండేవారు. ఆయన దగ్గర పాఠం పెట్టించాడు. ఎనిమిదేళ్ళకే బాలమురళి విజయవాడలో త్యాగరాజస్వామి ఉత్సవాల్లో కచేరీ చేశాడు. పెద్ద పెద్ద విద్వాంసులు ముందు కూర్చుని విన్నారు. అతని అసలు పేరు మురళీకృష్ణ. చిన్న వయసులోనే అంత బాగా పాడాడని పేరుకు ముందు "బాల" చేర్చారు. ముసలితనంలో కూడా ఆయన బాలమురళే.

ఆయన చేసిన గొప్ప పని ఏమిటి? కర్ణాటక సంగీతంలో ఏడు స్వరాలు ఉంటాయి. స, రి, గ, మ, ప, ద, ని. వీటిలో కొన్ని స్వరాలు హెచ్చుగా, తగ్గుగా పలుకుతాయి. ఆ తేడాలను బట్టి 72 పెద్ద రాగాలు ఏర్పడ్డాయి. వీటిని మేళకర్త రాగాలు అంటారు. ఒకే పోగుతో రకరకాల అంచులు నేసినట్టు, ఒకే ఏడు స్వరాలతో ఇన్ని రాగాలు. ఆ 72 రాగాల్లోనూ బాలమురళి కీర్తనలు కట్టారు. అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్ళు కూడా లేవు.

తరువాత కొత్త రాగాలు కూడా తయారుచేశారు. ఒక రాగానికి కనీసం ఐదు స్వరాలు ఉండాలని పాత పద్ధతి. ఆయన లవంగి అనే రాగం చేశారు. దానికి నాలుగే స్వరాలు. కొందరు విద్వాంసులు ఒప్పుకోలేదు. వాదాలు జరిగాయి. ఆయన మాత్రం పాడుతూనే ఉన్నారు. కొత్త పని చేసేవాళ్ళకు ఇది మామూలే.

సంగీతం అంటే పెద్దవాళ్ళ ఇళ్ళలో, సభల్లో వినేది అని ఒకప్పుడు అనుకునేవారు. రేడియో వచ్చి దాన్ని మార్చింది. బాలమురళి విజయవాడ రేడియో కేంద్రంలో పని చేశారు. అక్కడి భక్తిరంజని కార్యక్రమంలో ఆయన గొంతు వినపడేది. తెల్లవారి కళ్ళాపి చల్లే ఆడవాళ్ళు, పాలు పితికేవాళ్ళు, పొలానికి అన్నం కట్టేవాళ్ళు ఆ పాటలు విన్నారు. టిక్కెట్టు లేకుండా, గడప దాటకుండా విన్నారు. తత్త్వాలను, రామదాసు కీర్తనలను ఆయన ఇంటింటికీ తెచ్చారు.

ఆయన పాడటమే కాదు, వయొలిన్, వయోలా, మృదంగం కూడా వాయించేవారు. విజయవాడ ప్రభుత్వ సంగీత కళాశాలకు మొదటి ప్రిన్సిపాల్ ఆయనే. 1967లో వచ్చిన భక్తప్రహ్లాద సినిమాలో నారదుడి వేషం వేశారు. 1988లో దూరదర్శన్‌లో దేశ సమైక్యత పాట ఒకటి వచ్చింది. ఎన్నో భాషల వాళ్ళు పాడిన పాట అది. అందులో ఆయన గొంతు కూడా ఉంది. 1991లో ప్రభుత్వం ఆయనకు పద్మవిభూషణ్ ఇచ్చింది. 2016 నవంబరు 22న చెన్నైలో ఆయన కన్ను మూశారు.

ఆ పిల్లవాడి గొంతులో ఏదో ఉందని మొదట ఇంట్లోవాళ్ళే కనిపెట్టారు. ప్రతి ఇంట్లోనూ పిల్లలు ఉంటారు. ఒకరు పాడతారు. ఒకరు బొమ్మలు గీస్తారు. ఒకరు లెక్కలు చకచకా చేస్తారు. ముందు కనిపెట్టాల్సింది ఇంట్లోవాళ్ళే. ఆడపిల్ల అయినా, మగపిల్లవాడు అయినా.

4. అమ్మ నొప్పి చూసిన మల్లేశం

ఫ్యాషన్ అనే మాట అందరూ వింటున్నారు. సినిమాతార కట్టిన చీరను ఫ్యాషన్ అంటారు. కొట్టులో అద్దాల వెనుక బొమ్మకు చుట్టిన చీరను ఫ్యాషన్ అంటారు. కాని ఆ చీర ఎవరి చేతుల్లో తయారయిందో ఎవరూ అడగరు.

అమలాపురం పక్కన బండారులంక ఉంది. అక్కడ చేనేత మగ్గాలు ఉన్నాయి. నేతవాళ్ళ ఇళ్ళలో అందరికీ ఒక సంగతి తెలుసు. మగ్గం మీద కూర్చున్న మనిషికి పేరు వస్తుంది. దానికి ముందు జరిగే పని కనపడదు. కండెలు చుట్టటం, నూలు సాపు చెయ్యటం ఎక్కువగా ఆడవాళ్ళు చేస్తారు. ఆ పనికి లెక్క ఉండదు. చాలాచోట్ల వేరే కూలీ కూడా ఉండదు.

తెలంగాణలో పోచంపల్లి చీరలు అంటే చాలా పేరు. ఆ చీరలో పువ్వులు, ఏనుగులు, గళ్ళు ఉంటాయి. అవి నేసిన తరువాత అచ్చు వేసినవి కావు. నెయ్యక ముందే నూలుకు అక్కడక్కడ ముడులు కట్టి రంగులో ముంచుతారు. ముడి కట్టిన చోట రంగు ఎక్కదు. అలా రంగు వేసిన పోగులు నేస్తే బొమ్మ తేలుతుంది.

ముడులు కట్టటానికి ముందు పోగును మేకుల మీద వరసగా పొయ్యాలి. దాన్ని ఆసు పొయ్యటం అంటారు. చెయ్యి అటూ ఇటూ చాపుతూ ఒక్కో పోగును మేకుల చుట్టూ తిప్పాలి. ఒక్క చీరకు చెయ్యి సుమారు 9 వేల సార్లు తిరగాలి. గంటల తరబడి పని. చూపు పక్కకు తిప్పకూడదు. రోజుకు రెండు చీరలకు ఆసు పోస్తే 18 వేల సార్లు. ఆ పని ఆడవాళ్ళదే. భుజం పట్టేస్తుంది. మోచెయ్యి లాగుతుంది. రాత్రి నిద్ర పట్టదు.

ఆలేరు దగ్గర శారాజీపేటలో లక్ష్మి అనే తల్లి ఈ పని చేసేది. నొప్పితో బాధపడేది. ఆమె కొడుకు చింతకింది మల్లేశం రోజూ అది చూశాడు. ఇంట్లో డబ్బు లేదు. ఆరో తరగతితో బడి ఆగిపోయింది. యంత్రాల చదువు అతను చదవలేదు. అయినా ఒక ఆలోచన వచ్చింది. "అమ్మ చెయ్యి చేసే పని ఒక యంత్రం చెయ్యకూడదా?"

1992లో పని మొదలుపెట్టాడు. కర్రలు, ఇనుప ముక్కలు తెచ్చి బిగించాడు. ఒక భాగం తయారయితే ఇంకో భాగం కుదరలేదు. ఉన్న డబ్బులు అయిపోయాయి. ఊళ్ళో కొందరు నవ్వారు. పని కోసం హైదరాబాద్ వెళ్ళాడు. అక్కడ కూలి చేస్తూనే యంత్రం గురించి ఆలోచించాడు. ఒకరోజు బాలానగర్‌లో ఒక యంత్రం తిరగటం చూశాడు. తనకు కుదరని భాగం ఎలా చెయ్యాలో అప్పుడు తట్టింది. 1999లో యంత్రం పూర్తయింది. ఏడేళ్ళు పట్టింది.

గంటల తరబడి చేసే పని ఆ యంత్రం మీద గంటన్నరలో అయిపోయింది. పోగు వెయ్యటానికి చెయ్యి చాపక్కరలేదు. మిగతా నేత ఇళ్ళవాళ్ళు కూడా వచ్చి కొనుక్కున్నారు. 2017లో ప్రభుత్వం మల్లేశానికి పద్మశ్రీ ఇచ్చింది. 2019లో ఆయన కథ మీద సినిమా కూడా వచ్చింది.

యంత్రానికి మల్లేశం తన పేరు పెట్టుకోలేదు. అమ్మ పేరు పెట్టాడు. దాని పేరు లక్ష్మీ ఆసు యంత్రం.

నాలుగు పేర్లు

నలుగురి సంగతులు చదివాం. బాలయోగి చదువుకుని స్పీకర్ కుర్చీ దాకా వెళ్ళారు. సుబ్బమ్మ తాను చదువుకుని పది మందికి బడి పెట్టింది. బాలమురళి గురువు దగ్గర నేర్చుకుని, కొత్తది కలిపారు. మల్లేశం బడి ఆగిపోయినా నేర్చుకోవటం ఆపలేదు. నలుగురి దారులూ వేరు. నేర్చుకోవటం ఒక్కటే అందరిలోనూ ఉంది.

ఈ కథల్లో ఇంకో ఇద్దరు ఉన్నారు. వీణ వాయించిన సూర్యకాంతమ్మ. ఆసు పోసిన లక్ష్మి. వాళ్ళకు పెద్ద బిరుదులు రాలేదు. కాని వాళ్ళు లేకుండా ఆ పెద్ద పేర్లు లేవు. ప్రతి ఊళ్ళోనూ ఇలాంటి ఆడవాళ్ళు ఉన్నారు. వాళ్ళ పేరు ఏ రాతి మీదా ఉండదు. ఎవరూ రాయలేదు కాబట్టి లేదు. ఇప్పుడు రాయటం వచ్చినవాళ్ళు ఊరూరా ఉన్నారు.

కొత్త మాటలు

స్పీకర్ – లోక్‌సభను నడిపే పెద్ద
సహాయ నిరాకరణ – సాయం చెయ్యము అనటం
ఖద్దరు – చేత్తో వడికిన నూలుతో నేసిన గుడ్డ
విద్వాంసుడు – విద్యలో ఆరితేరినవాడు
మేళకర్త – మిగతా రాగాలకు మూలమైన రాగం
ఆసు – చీరకు ముడులు కట్టే ముందు పోగును మేకుల మీద వరసగా పొయ్యటం

మాట్లాడుకుందాం

1. లోక్‌సభలో ఒక్క ఓటుతో ఏం జరిగింది? పోయిన ఎన్నికల్లో మీ ఇంట్లో ఓటు ఎవరికి వెయ్యాలో ఎవరు నిర్ణయించారు?
2. క్షమాపణ చెబితే వదిలేస్తామన్నా సుబ్బమ్మ ఎందుకు చెప్పలేదు?
3. మీ ఇంట్లో పిల్లలకు దేనిమీద ధ్యాస ఎక్కువ? ఆడపిల్లను కూడా అలాగే గమనిస్తున్నారా?
4. కొబ్బరి పీచు పనిలో, నాట్లలో, వంటింట్లో మీకు ఏ పని వల్ల ఒళ్ళు నొప్పి ఎక్కువ? దాన్ని తేలిక చేసే దారి ఏదైనా ఉందా?

రాద్దాం

మీ ఊళ్ళో పది మందికి మేలు చేసిన ఒక ఆడమనిషిని తలుచుకోండి. మంత్రసాని కావచ్చు. అప్పు పుట్టనప్పుడు బియ్యం కొలిచి ఇచ్చిన పొరుగింటి పెద్దమ్మ కావచ్చు. మీ అమ్మే కావచ్చు. ముందు ఆమె పేరు పెద్ద అక్షరాలతో రాయండి. దాని కింద ఆమె చేసిన మేలు మూడు వాక్యాల్లో రాయండి. రాసింది ఆమె దగ్గరకు తీసుకువెళ్ళి పైకి చదివి వినిపించండి.